తాయిఫ్‌లో మేం కట్టిన బీచ్

ఆ రోజుల్లో నా పిక్కల మీద నాకున్న గర్వం ఇంతా అంతా కాదు. ఇరవై మూడేళ్ళ వయసు. సిమెంటు బస్తా భుజాన వేసుకుని నాలుగో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కేవాణ్ణి. పైకి చేరాక, చెమట తుడుచుకునే వంకతో ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఆ పిక్కల్ని కాసేపు గాలికి పెట్టేవాణ్ణి, ఎవరైనా చూడకపోతారా అని. (చూసేవాళ్ళు ఇద్దరు బంగ్లాదేశ్ కూలీలు, ఒక పిల్లి.) ఇప్పుడు రియాద్‌లో నాకు ఒక ఆఫీసు గది ఉంది, కుర్చీ ఉంది, లిఫ్టు పనిచేయని రోజున ఏదో ఫోన్ వచ్చినట్టు నటిస్తూ కిందే నిలబడే తెలివి ఉంది. అందుకే కాబోలు, ఆ పిక్కలూ ఆ తాయిఫ్ పనీ గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త బెంగగానూ ఉంటుంది.

తాయిఫ్ సౌదీలో కొండ మీద ఊరు. రియాద్ ఎండలో మాడి వచ్చిన మా జట్టుకు అక్కడి గాలి తగలగానే ప్రాణం లేచొచ్చింది. మా మేస్త్రిది మా జగిత్యాల వైపే. అందరం గుండు కాక అనేవాళ్ళం. ఆయనకు నెత్తి నిండా జుట్టే. గోడ నిలువు చూసే తూకం గుండు ఎప్పుడూ చొక్కా జేబులో ఉంచుకుంటాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. రియాద్‌లో ఉన్నప్పుడు శుక్రవారం బతా బజారుకు పోయినా జేబులో అది ఉండాల్సిందే. అక్కడి మెస్సులో భోజనానికి కూర్చుని, వెనక గోడ వంకరగా ఉందని రుజువు చేసి, అన్నం వడ్డించే ఆయనతో తగువు పెట్టుకున్న మనిషి. నా చేతికి తాపీ పట్టించింది ఆయనే. తిట్టకుండా నేర్పిన రోజు ఒక్కటీ లేదు, తిట్టిన రోజు నాకు ముందుగా తినిపించకుండా ఆయన తిన్నదీ లేదు.

తాయిఫ్ వచ్చిన కొత్తలో కాక నిచ్చెన మీద కాలు జారాడు. పడలేదు. పడకుండా ఆపుకోవడంలో ఎడమ పిక్కలో ఏదో పుటుక్కుమంది. "ఎనకకెళ్ళి ఎవడో రాయి పెట్టి కొట్టిండురా" అని వెనక్కి తిరిగి వెతికాడు. వెనక ఎవరూ లేరు. ఆ రోజు నుంచి నడకలో కుంటు వచ్చింది. ఉప్పు కాపడం పెట్టాం, పాకిస్తానీ డ్రైవర్ ఇచ్చిన నూనె రాశాం, కేరళ కొట్లో దొరికిన మందు పట్టించాం. కుంటు పోలేదు. ఇక దాన్ని దాచడమే మా పని అయింది. మా ముదీర్, అంటే మా పై అధికారి, వస్తున్నాడంటే కాక ఉన్నచోటే గోడకు ఆనుకుని ఏదో కొలుస్తూ నిలబడేవాడు. కదలాల్సిన పని ఏదున్నా నేను పరుగెత్తేవాణ్ణి.

దాచడానికి గట్టి కారణమే ఉంది. మేం కడుతున్న ఆసుపత్రి పని ముగిసే సమయానికి మా జట్టులో చాలామంది ఇకామాలు, అంటే ఆ దేశంలో ఉండి పనిచేసుకునే అనుమతి కార్డులు, తీరిపోతాయి. ఎవరి ఇకామా మళ్ళీ చేయించాలి, ఎవరికి ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపాలి అన్నది ముదీర్ ఏం చెబితే అదే. నిచ్చెన ఎక్కలేని మేస్త్రిని ఎవరుంచుకుంటారు? "పోవుడు ఎప్పటికైనా పోవుడే కొడుకా. గని కుంటుకుంట పోను. ఇమానం ఎట్ల నడిశి దిగిన్నో గట్లనే నడిశి ఎక్కుత" అనేవాడు కాక. ఆయన వెళ్ళిపోతే నా గతేమిటన్నది వేరే సంగతి. సగం నేర్చిన ప్లాస్టరింగుతో నజ్రాన్ సైటుకు పోయి ఇసుక జల్లించుకోవాలి.

ఆ ఆసుపత్రి దెబ్బతిన్న కాళ్ళకూ చేతులకూ మళ్ళీ పని నేర్పే చోటు. ప్రమాదాల్లో పడ్డవాళ్ళు వస్తారు, ఆటగాళ్ళు వస్తారు. దానికి ఫిజియోథెరపీ డాక్టరుగా వచ్చినాయన కేప్ వెర్డే మనిషి. ఆ పేరు మేం అప్పటిదాకా వినలేదు. ఆఫ్రికాకు పడమట సముద్రంలో కొన్ని దీవులట. ఒకప్పుడు పోర్చుగీసు వాళ్ళు ఏలారు కాబట్టి ఇప్పటికీ బడిలోనూ ఆఫీసులోనూ అదే భాషట. గుమ్మం తగలకుండా తల వంచి వచ్చేంత పొడుగు, గోడలు అదిరేంత నవ్వు. దీవి డాక్టరు అని మేం పేరు పెట్టుకున్నాం. ఇంటర్ దాకా చదివినవాణ్ణి కాబట్టి (పాసయ్యానని నేను ఎక్కడా అనలేదు) ఆయన ఇంగ్లీషును జట్టుకు తెలుగులో వినిపించే గౌరవం నాకు దక్కింది.

ఆయనకు లోకంలో రెండే సంగతులు. ఒకటి సముద్రపు ఒడ్డు, రెండు మనిషి ఒంట్లోని కండరాలు. ఒకదానితో మొదలుపెడితే రెండోదానిలో తేలేవాడు. పోర్చుగల్‌లో చదువుకున్నాడు. అక్కడ చల్లటి అలలు మనిషి ఎత్తున వచ్చి మీద పడతాయట, వాటిని తోసుకుంటూ ఈదేవాళ్ళకు భుజాలూ వీపూ తలుపుల్లా తయారవుతాయట. బ్రెజిల్‌లో కొన్నాళ్ళు పనిచేశాడు. అక్కడ ఇసుకలో వల కట్టి, చెయ్యి తగలకుండా కాలితో తలతో బంతి ఆడతారట, ఎగిరి ఎగిరి తొడలు గట్టిపడతాయట. మొజాంబిక్‌లో పోటు తగ్గి సముద్రం వెనక్కి పోయినప్పుడు ఆడవాళ్ళు వంగి ఆల్చిప్పలు ఏరతారట, వాళ్ళ నడుము కండరాలకు దండం పెట్టాలట. ఇక సొంత దీవి మాట వస్తే గొంతే మారిపోయేది. అక్కడ ఇసుక నల్లన. కీళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఎండకు వేడెక్కిన ఆ ఇసుకను కాళ్ళ మీద కప్పుకుని పడుకుంటారు. కొంచెం దూరంలోని మరో దీవిలో ఇసుక తెల్లన, అది ఆఫ్రికా ఎడారి నుంచి గాలికి సముద్రం దాటి వచ్చిందని చెబుతారు. ఆ ఇసుకలో చెప్పుల్లేకుండా బంతి ఆడి పెరిగిన పిల్లల పిక్కలు... అక్కడ మాట ఆపి వేళ్ళ కొసలు ముద్దు పెట్టుకునేవాడు. మేం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. చెప్పేవాడి ఇష్టం ఎంత గట్టిదంటే, చూడని సముద్రం కూడా మా ఊరి వెనకే ఉన్నట్టు అనిపించేది.

"గీ సారుకు ఇసుకను సూశినా కండనే కనవడ్తది, కండను సూశినా ఇసుకనే కనవడ్తది" అని కాక మురిసిపోయేవాడు. ఆ మురిపెం ఒక్కసారే తగ్గింది. మాకు బాగా అర్థం కావాలని డాక్టరు ఒక రోజు పెన్సిల్ తీసుకుని, కాక అప్పుడే నున్నగా ముగించిన గోడ మీద నిలువెత్తు కాలు గీసి, లోపలి కండరాలన్నీ ఒక్కొక్కటిగా దిద్దాడు. నిజంగా అద్భుతమైన బొమ్మ. కాక చాలాసేపు చూసి, "బొమ్మ మంచిగున్నది సారూ, గోడ ఇంకింత మంచిగుండె" అన్నాడు. మొదటి సగమే నేను ఇంగ్లీషులో చెప్పాను.

ఆ డాక్టరే మాకు బీచ్ పని అప్పజెప్పాడు. ఆసుపత్రి వెనక ఖాళీ జాగాలో పొడుగాటి గుంట తవ్వాలి, చుట్టూ గట్టు కట్టాలి, మోకాలి లోతు మంచి ఇసుక నింపాలి. నడక మరిచిన కాళ్ళను అందులో నడిపించాలని ఆయన ఆశ. ఇసుక దేశంలో ఇసుక దొరకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఒక లారీ వస్తే అంతా దుమ్మని తిప్పి పంపాడు. ఇంకోటి వస్తే రాళ్ళన్నాడు. చివరికి వచ్చిన తెల్ల ఇసుకను గుప్పిట పట్టి, వేళ్ళ సందుల్లోంచి జారవిడిచి, కళ్ళు మూసుకుని తల ఊపాడు. మేం దాన్ని జల్లించి, కడిగి, ఆరబెట్టాం. "నాకు జెద్దాలో పని ఉంది, పోయి వస్తాను. వచ్చేసరికి ఇక్కడ నా బీచ్ ఉండాలి" అని చెప్పి వెళ్ళాడు.

మా జట్టులో సముద్రపు ఒడ్డున కాలు పెట్టినవాడు ఒక్కడూ లేడు. విమానం కిటికీలోంచి కనిపించిన నీలమే మా సముద్రం. అయినా ఇసుక ఎలా ఉంటుందో తెలియక కాదు, గోదావరి ఎరగని వాళ్ళమా? చిక్కంతా వేరే చోట వచ్చింది. ఇసుక నింపాక కాక గట్టు మీద కూర్చుని దాన్నే చూస్తున్నాడు. లేచి కాలు పెట్టాడు. కాలు కుంగింది. మొహం మాడిపోయింది.

"గిట్లనే ఇడిశిపెట్టి పోదామారా?"

"బీచ్ గిట్లనే ఉంటది కదా కాకా" అన్నాను.

"దేవుడు పోసిన ఇసుక ఎట్లనన్న ఉండనియ్. మనం పోసింది కుంగుతదా? కాలు పెడ్తె గుంట పడే పని సేశిపోయిండని రేపు నా పేరు జెప్తరు. నీళ్ళు పట్టు."

పునాదిలో అయినా, గచ్చు కింద అయినా, ఇసుక పోస్తే నీళ్ళు పట్టి దిమ్మిస కొట్టాలి. ముప్ఫై ఏళ్ళుగా ఆయన చేతులకు తెలిసిన ధర్మం అది. చెప్పొద్దూ, నాకూ ఆ కుంగుడు చూస్తే చెయ్యి దురద పెట్టింది. నీళ్ళు పట్టాం. మిషను తెచ్చి దిమ్మిస కొట్టాం. కాక కుంటుతూనే ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ రసమట్టం పెట్టి చూశాడు. వాన నీళ్ళు నిలవకుండా ఒక పక్కకు చిన్న వాటం ఇచ్చాడు. నేను పైన చెక్క తాపీతో నున్నగా తీశాను. అంచులు గీత గీసినట్టు వచ్చాయి. అంత అందమైన పని మా జట్టు ఇంకోటి చేయలేదు, ఈ మాట ఇప్పటికీ అంటాను.

డాక్టరు జెద్దా నుంచి వస్తూనే ఆసుపత్రి పెద్దాయన్ను, ముదీర్‌ను వెంటబెట్టుకుని వెనక్కి వచ్చాడు. దూరం నుంచి తెల్లగా మెరుస్తున్న ఇసుకను చూసి ఆగలేకపోయాడు. బూట్లు విప్పాడు, మేజోళ్ళు విప్పాడు, చిన్నపిల్లాడిలా పరుగెత్తుకొచ్చి గట్టు మీది నుంచి ఎగిరి దూకాడు.

టప్ మని చప్పుడైంది. మనిషి కుంగలేదు. దూకినవాడు దూకినట్టే రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు. మడమతో ఒకసారి తట్టి చూశాడు. వంగి వేలితో పొడిచి చూశాడు.

"సూశినవా, ఎంట్రుకంత గుంట పడ్డదా!" అన్నాడు కాక నా చెవిలో, మెడ నిటారుగా పెట్టి.

డాక్టరు ముందు కిందకు చూశాడు, తర్వాత మా వైపు చూశాడు, తర్వాత ఆ ఇసుక మీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, "దీని మీద విమానం దించొచ్చు" అన్నాడు. ఆసుపత్రి పెద్దాయన నవ్వలేదు. ముదీర్ అసలే నవ్వలేదు. ఆయన మిస్రీ, అంటే ఈజిప్టు మనిషి. రోజులో మొదటి మాటా చివరి మాటా "యల్లా", అంటే కానీ కానీ అని, కాబట్టి మేం యల్లా సారు అనేవాళ్ళం. చాయ్ తాగుతుంటే పక్కన నిలబడి గడియారం చూసే రకం. "ఎవరు చేశారిది?" అని గర్జించాడు.

ఇప్పుడు కాక పేరు బయటపడితే, కాక ముందుకు నడవాలి. నడిస్తే కుంటు కనిపిస్తుంది. ఇకామా అక్కడితో సరి. నాలోని వీరుడు లేచాడు. ఛాతీ విరిచి ఒక అడుగు ముందుకు వేసి, "నేనే చేశాను" అన్నాను.

ముదీర్ ఇసుక వైపు చూశాడు. అంచులు చూశాడు, వాటం చూశాడు. మళ్ళీ నా వైపు చూశాడు. "అబద్ధం. ఇంత బాగా చేయడం నీకు రాదు" అన్నాడు.

జట్టంతా తల ఊపింది. అన్నిటికన్నా బాధ ఏమిటంటే కాక కూడా ఊపాడు. ఊపి, పని తన చేతిదేనని ఒప్పుకుంటూ ముందుకు వచ్చాడు. కుంటుతూనే వచ్చాడు. ముదీర్ ఆ కాలి వైపు చూశాడు. డాక్టరు కూడా చూశాడు, నవ్వు ఆపేశాడు.

ఎవరూ నోరెత్తకముందే డాక్టరు లేచి, మొహం గంభీరంగా పెట్టి ముదీర్‌తో అన్నాడు: "ఇందులో మిషను పెట్టి తవ్వితే రాళ్ళు కలుస్తాయి. నాకొద్దు. గట్టిపరిచినవాడే విప్పాలి. రోజూ పొద్దున ఒక గంట ఈ మనిషి చెప్పుల్లేకుండా, కాళ్ళతో తొక్కి తొక్కి దీన్ని గుల్ల చేయాలి. అదే శిక్ష." ముదీర్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మంచి శిక్ష" అన్నాడు. "నేను స్వయంగా నిలబడి చేయిస్తాను. యల్లా."

మర్నాడు పొద్దున డాక్టరు కాకను గట్టు మీద కూర్చోబెట్టి, తాను కింద ఇసుకలో చతికిలబడి, ఆయన ఎడమ కాలు తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. కాక కరెంటు కొట్టినట్టు ఎగిరిపడ్డాడు. "అయ్యో సారూ, వద్దు సారూ! గంత సదువు సదివినోళ్ళు నా కాలు పట్టుడేంది! పాపం తాకుతది!" అని, గబుక్కున డాక్టరు భుజం తాకి కళ్ళకద్దుకున్నాడు. డాక్టరు ఆశ్చర్యపోయి మళ్ళీ కాలు పట్టుకున్నాడు. కాక మళ్ళీ భుజం తాకి కళ్ళకద్దుకున్నాడు. ఇది చాలాసేపు సాగింది. చివరికి డాక్టరుకు ఇదేదో మా దేశపు వైద్యంలో మొదటి మెట్టు అనిపించినట్టుంది, తానే ముందుగా కాక భుజం తాకి తన కళ్ళకు అద్దుకుని అప్పుడు కాలు పట్టుకోవడం మొదలుపెట్టాడు. (ఆసుపత్రి తెరిచాక, మోకాలు దెబ్బతిని వచ్చిన ఒక కుర్ర ఆటగాడికీ ఇలాగే చేశాడట. ఆ అబ్బాయి బిత్తరపోయి తన భుజానికి ఏమైందని అడిగాడట.)

పిక్కను వేళ్ళతో వెతుక్కుంటూ డాక్టరు చెప్పిన మాట నాకు ఇంకా గుర్తుంది. పిక్క ఒక్కటి కాదు, రెండు కండరాలు. పైదాన్ని అందరూ చూస్తారు, ఎగరడానికీ ఉరకడానికీ అది కావాలి. దాని కింద చదునైనది ఇంకోటి ఉంది. అది కనిపించదు, మనిషి నిలబడి ఉన్నంతసేపూ పనిచేస్తూనే ఉంటుంది. కాకకు తెగింది పైదానిలో కొంచెమే. భయంతో ఆయన కాలే వాడటం మానేశాడు కాబట్టి రెండూ నీరసించాయి. మెత్తటి ఇసుకలో మెల్లగా నడిస్తే తిరిగి వస్తాయి. ఈ మాటలన్నీ తెలుగులో చెప్పాక, ఇదే అదను అనుకుని నా ప్యాంటు మడిచి నా పిక్కలు ఆయన ముందు పెట్టాను. పొగుడుతాడని నమ్మకం. ఆయన తట్టి చూసి, "ఒంటికాలి మీద నిలబడు, కళ్ళు మూసుకో" అన్నాడు. నిలబడ్డాను. నోట్లోంచి ఇసుక ఉమ్ముకుంటూ లేచాక చెప్పాడు: "పైన చాలా బాగుంది. కింద ఎవరూ ఇంట్లో లేరు."

"గోడ కూడ గంతేరా" అన్నాడు కాక తృప్తిగా.

అలా శిక్ష మొదలైంది. కాక ముందు తాను గట్టిపరిచిన చోటే నడిచాడు. మేం పారలతో కొంచెం కొంచెం విప్పేవాళ్ళం, ఆయన అందులో అడుగులు వేసేవాడు. మొదట్లో పది అడుగులకే పళ్ళు బిగించేవాడు. తర్వాత ఒక చివర నుంచి ఇంకో చివరకు పోయాడు. తర్వాత వెనక్కి నడిచాడు. తర్వాత మునివేళ్ళ మీద లేచాడు. డాక్టరు పక్కనే నడుస్తూ తన దీవి కబుర్లు చెబుతుంటే, కాక తన గోదావరి కబుర్లు చెప్పేవాడు. నేను లేనప్పుడు కూడా ఆ మాటలు ఆగేవి కావు, ఎవరి భాషలో వాళ్ళు చెప్పుకుపోయేవాళ్ళు. ముదీర్ మాత్రం రోజూ వచ్చి, చేతులు కట్టుకుని, నుదురు చిట్లించి చూస్తూ నిలబడేవాడు. కాక ఎక్కడైనా ఆగితే "యల్లా, యల్లా!" అని అదిలించేవాడు. సాయంత్రం క్యాంపులో మేం ఆయన నడకను అనుకరించి పడీ పడీ నవ్వేవాళ్ళం. వైద్యాన్ని శిక్ష అనుకుంటున్న ఆ అమాయకుడి మీద జాలి కూడా పడేవాళ్ళం.

పని చివరి రోజుల్లో, అందరూ ఉండగా, ముదీర్ పెద్ద హాలు కప్పు మూల చూపించి "అక్కడ పెచ్చు లేచింది. నువ్వు ఎక్కు" అన్నాడు కాకతో. నేను నిచ్చెన అందుకోబోతే నా చెయ్యి పక్కకు తోశాడు. కాక ఎడమ కాలు మొదటి మెట్టు మీద పెట్టాడు. ఎక్కాడు. పైకి చేరాక మూల అందలేదు. కాక రెండు మడమలూ ఎత్తి, మునివేళ్ళ మీద లేచి, అలా నిలబడే తాపీతో ఆ మూల దిద్దాడు. ప్యాంటు కింద ఎడమ పిక్క ముడిపడి కనిపించింది. నా వెనక నిలబడ్డ డాక్టరు ఆ కండరం పేరేదో మెల్లగా పైకే అన్నాడు, దేవుడి పేరు అన్నట్టుగా. ముదీర్ గడియారం చూసుకుని "యల్లా" అని వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే కాక ఇకామా మళ్ళీ చేయించారు.

"ముదీర్ గానికి ఏం సమజ్ గాలే కొడుకా" అని కాక విరగబడి నవ్వాడు. ఆ రోజు క్యాంపులో కోడి కూర. ఇంకో మూడేళ్ళు చేసి, పోవాలనుకున్న రోజునే కాక ఊరికి పోయాడు. రియాద్ విమానాశ్రయంలో బండి తోసుకుంటూ, ఏ కాలు దెబ్బతిన్నదో నాకే గుర్తురానంత సమంగా నడిచి లోపలికి వెళ్ళాడు. నేను అద్దాల అవతల నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

మొన్నామధ్య మా టైల్స్ పనివాడు ఒకాయన, నిజామాబాద్ మనిషి, భుజం ఎత్తలేక దాచుకుంటున్నాడని గమనించాను. కంపెనీకి తెలిస్తే పంపేస్తుంది. అందరి ముందు ఆయన మీద గట్టిగా అరిచి, పని చెడగొట్టావని నిందించి, శిక్షగా నెల రోజులు స్టోరులో కూర్చోమన్నాను. సాయంత్రం మెస్సు వెనక నుంచి పోతుంటే లోపల కుర్రాళ్ళ నవ్వులు. ఒకడు పొట్ట ముందుకు పెట్టి నా నడక నడుస్తున్నాడు. "సారుకు ఏం సమజ్ గాలేదు అన్నా, నెల దినాలు నీకు ఆరామే" అంటున్నాడు ఇంకొకడు.

అక్కడే ఆగిపోయాను. చాయ్ తాగడానికి ఇంకో నిమిషం ఇవ్వని ఆనాటి మా ముదీర్, ఒక మేస్త్రికి రోజూ పొద్దున గంట సేపు పని మాన్పించి ఇసుకలో ఎందుకు నడిపించాడు? ఎవరూ వచ్చి అడ్డుపడకుండా పక్కనే ఎందుకు కాపలా నిలబడ్డాడు? అందరూ చూస్తుండగా, తర్వాత ఎవరూ మాట అనే వీలు లేకుండా, ఆయన్నే నిచ్చెన ఎందుకు ఎక్కించాడు? ఇరవై మూడేళ్ళప్పుడు ఈ లెక్క నాకు తట్టలేదు. తట్టడానికి ముదీర్ కుర్చీలో నేనొచ్చి కూర్చోవలసి వచ్చింది. యల్లా సారు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. మా క్యాంపు పక్క నుంచి ఆయన కూడా ఎన్ని సాయంత్రాలు పోయి ఉంటాడో, ఆ నవ్వులన్నీ వినే ఉంటాడు.

నేను చప్పుడు చేయకుండా నాలుగడుగులు వెనక్కి వేసి, నవ్వు దాచుకుని నుదురు చిట్లించి, అప్పుడే వస్తున్నట్టు గట్టిగా దగ్గి, "యల్లా, యల్లా!" అని అరిచాను. లోపల కుర్రాళ్ళు నవ్వు ఆపుకోలేక మూతులు మూసుకున్నారు.